పెరటి కూర – చివరి ముద్ద దాకా

గరివిడి మండలంలో ఒక పల్లె. మధ్యాహ్నం కావస్తోంది. ఒక ఇల్లాలు పొయ్యి ముందు కూర్చుంది. పక్కింటామె గుమ్మంలోకి వచ్చింది.

"అప్పా, ఇయ్యాల ఏటి కూరొండినావు?"

"ఏటొండుతానే! రెండు వంకాయలున్నాయి. వాటినే పులుసు పెట్టినాను."

ఆ ఇంట్లో అయిదుగురు. మగడు, ఇద్దరు పిల్లలు, అత్త, ఆమె. రెండు వంకాయల పులుసు అయిదుగురికి. ముందు మగడు తిన్నాడు. తర్వాత పిల్లలు తిన్నారు. తర్వాత అత్తకు పెట్టింది. చివరికి తాను కూర్చుంది. గిన్నెలో పులుసే ఉంది. ముక్క లేదు. ఆమె అన్నంలో పులుసు పోసుకుంది. ఉల్లిపాయ కొరుక్కుంది. ముంత నీళ్లు తాగి లేచింది.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. చాలా ఇళ్లలో ఇదే వరస. వండేది ఆమె. చివర తినేదీ ఆమె. కూర తక్కువైతే తగ్గేది ఆమె వంతే.

ఆ ఇంటి వెనక అర సెంటు జాగా ఉంది. అక్కడ కంప పడి ఉంది. స్నానాల నీళ్లు అక్కడే నిలుస్తాయి. దోమలు ముసురుతాయి. ఆ జాగాలోనే కూర పండుతుంది. ఎలాగో చూద్దాం.

కూర ఎందుకు కావాలి?

అన్నం బలమిస్తుంది. కడుపు నింపుతుంది. కానీ అన్నం ఒక్కటే చాలదు. రక్తం పట్టడానికి ఇనుము కావాలి. కళ్లకు విటమిన్ ఎ కావాలి. ఎముకలకు సున్నం కావాలి. ఇవన్నీ ఆకుకూరల్లో, కాయగూరల్లో ఉన్నాయి.

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మనం ఏం తినాలో, ఎంత తినాలో అక్కడ పరిశోధన చేస్తారు. ఆ సంస్థ 2024లో కొత్త సలహాలు ఇచ్చింది. పెద్దవాళ్లు ఒక్కొక్కరు రోజుకు దాదాపు 400 గ్రాముల కూరగాయలు తినాలని చెప్పింది. ఆకుకూరలు కూడా ఇందులోనే లెక్క. అంటే అయిదుగురున్న ఇంటికి రోజుకు రెండు కిలోలు. రెండు వంకాయలు ఎక్కడ? రెండు కిలోలు ఎక్కడ?

తక్కువ తింటే ఏమవుతుంది? రక్తం తగ్గుతుంది. దీన్నే రక్తహీనత అంటారు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. కళ్లు తిరుగుతాయి. పొలం పనిలో త్వరగా నీరసం వస్తుంది. కాన్పు సమయంలో తల్లి ప్రాణానికే ముప్పు రావచ్చు. పుట్టే బిడ్డ బరువు తగ్గవచ్చు.

2019–21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను పరీక్షించారు. ప్రతి 100 మందిలో దాదాపు 59 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. పది మంది ఆడవాళ్లు ఒకచోట కూర్చుంటే అందులో ఆరుగురు అన్నమాట.

చివరి ముద్దలో కూర లేకపోవడం చిన్న సంగతి కాదు.

అర సెంటులో ఏమి పండుతుంది?

అర సెంటు అంటే సుమారు 20 చదరపు మీటర్లు. రెండు మంచాలు పొడవున, అయిదారు మంచాలు అడ్డంగా వేస్తే పట్టేంత జాగా. ఇంటికి కావలసిన కూరంతా అందులో పండదు. ఆ మాట ముందే తెలుసుకోవాలి. కానీ ఆకుకూర దాదాపు రోజూ దొరుకుతుంది. వారంలో మూడు నాలుగు రోజులు కాయగూర దొరుకుతుంది. మిగిలినదే సంతలో కొనాలి.

లెక్క వేసి చూడండి. రోజుకు 30 రూపాయల కూర కొంటున్నారని అనుకోండి. నెలకు 900 రూపాయలు. అందులో సగం పెరట్లో దొరికితే 450 రూపాయలు మిగులుతాయి. ఆ డబ్బుతో గుడ్లు కొనవచ్చు. పప్పు కొనవచ్చు.

జాగా బొత్తిగా లేని ఇల్లు ఉంటుంది. వాళ్లు పాత బకెట్లలో, సిమెంటు సంచుల్లో తోటకూర, మిరప వేసుకోవచ్చు. సంచిని ముందు బాగా కడగాలి. అడుగున నాలుగు కన్నాలు పెట్టాలి. ఆనప పాదు ఒకటి పెట్టి ఇంటి కప్పు మీదకు పాకించవచ్చు.

మట్టి సంగతి

విజయనగరం జిల్లాలో ఎర్రనేలలు ఎక్కువ. ఎర్రమట్టిలో నీరు త్వరగా ఇంకిపోతుంది. సారం తక్కువ. అందుకే గెత్తం బాగా వేయాలి. పశువుల పేడ, బూడిద, ఆకులు, కూరగాయల తొక్కలు ఒక గోతిలో వేయండి. పైన మట్టి కప్పండి. అప్పుడప్పుడు నీళ్లు చల్లండి. మూడు నాలుగు నెలల్లో నల్లని ఎరువు అవుతుంది. పచ్చి పేడ మొక్క మొదట్లో వేయకూడదు. వేడికి వేళ్లు మాడిపోతాయి. చెదలు కూడా వస్తాయి.

గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల ఇంకొక సంగతి ఉంది. ఇక్కడ నూరేళ్లకు పైగా మాంగనీసు గనులు తవ్వుతున్నారు. గరివిడిలో ఫెర్రో ఎల్లాయిస్ ఫ్యాక్టరీ వెలిసింది. గని మట్టి గానీ, ఫ్యాక్టరీ చిట్టెం గానీ పోసి ఎత్తు చేసిన జాగాలో కూరగాయలు వేయకండి. ఆ మట్టిలో లోహాలు ఎక్కువగా ఉండవచ్చు. అలాంటి చోట పాత బకెట్లు, సంచులు వాడండి. వాటిలో చెరువు మట్టి, గెత్తం కలిపి నింపండి. ఆకుకూరల మీద దుమ్ము పడుతుంటే మూడు నీళ్లలో కడగండి.

జాగాను పంచుకోవాలి

ముందు దడి కట్టాలి. దడి లేని తోట మేకలకు తోట. దడి పొడవునా మునగ, కరివేపాకు, అవిశ పెట్టండి. రెండేళ్లలో అదే పచ్చని దడి అవుతుంది.

స్నానాల నీళ్లు పారే చోట అరటి పెట్టండి. పక్కన కంద, చేమ పెట్టండి. ఈ నీళ్లు ఆకుకూరల మడుల్లోకి పోనివ్వకండి. వాటిలో సబ్బు ఉంటుంది. మురికి ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు మడులకు పోయండి.

ఒక మూల పందిరి వేయండి. పందిరికి ఒక ఆనప, ఒక బీర, ఒక చిక్కుడు చాలు. ఆశపడి పది పాదులు పెడితే ఒకదాన్ని ఒకటి తినేస్తాయి.

మధ్యలో నాలుగు చిన్న మడులు కట్టండి. చెయ్యి చాస్తే మడి మధ్యకు అందాలి. రెండు మడుల్లో ఆకుకూరలు. ఒక మడిలో బెండ. ఒక మడిలో వంగ, టమాటా, మిరప.

ఆకుకూర విత్తనం అంతా ఒకేసారి చల్లకండి. ఒక మడిలో ఇవాళ చల్లితే, రెండో మడిలో పదిహేను రోజుల తర్వాత చల్లండి. అప్పుడు ఒక మడి కోసేలోపు రెండోది అందుతుంది. ఇల్లు ఎప్పుడూ ఆకుకూర లేకుండా ఉండదు.

ఏది ఎప్పుడు?

మృగశిర కార్తెతో వానలు మొదలవుతాయి. అప్పుడు ఆనప, బీర, కాకర, బెండ, గోంగూర, తోటకూర వేయండి. పందిరి చిక్కుడు కూడా వానల్లోనే పెట్టాలి. అది చలికి పూస్తుంది. సంక్రాంతికి కాయలిస్తుంది.

వానలు వెనకపట్టాక, చలి మొదలయ్యాక, పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి, టమాటా బాగా వస్తాయి.

వేసవిలో నీళ్లు తక్కువ. బచ్చలి, తోటకూర, గోరుచిక్కుడు తట్టుకుంటాయి. మడి మీద ఎండుగడ్డి, ఆకులు పరచండి. తేమ ఆరిపోదు.

తోటకూర 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తుంది. బెండ సుమారు 45 రోజులకు కాస్తుంది. ఆనపకు రెండు నెలలు పైనే పడుతుంది. వంగ, టమాటా, మిరప ముందు నారు పోయాలి. నెల రోజుల నారు పీకి నాటాలి.

గోంగూర సంగతి మన జిల్లా వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నార కోసం గోగు పండించారు. ఆ నారతో నెల్లిమర్లలో, విజయనగరంలో జ్యూట్ మిల్లులు నడిచాయి. నార కోసం వేసినా లేత ఆకు వంటింటికి వచ్చేది. పెరట్లో పది గోంగూర మొక్కలు చాలు. పైన చిగురు గిల్లుతుంటే పక్క కొమ్మలు వేస్తుంది.

పొట్లం మీద చదవండి

విత్తనాలు కొన్నప్పుడు పొట్లం తిప్పి చూడండి. దాని మీద అక్షరాలు ఉంటాయి. ఇప్పుడు ఆ అక్షరాలు మీకు వచ్చు. తెలుగులో లేకపోతే అంకెలు చూడండి. చదువుకున్న పిల్లల చేత మిగతాది చదివించండి.

గడువు తేదీ చూడండి. గడువు దాటితే తీసుకోకండి. మొలక శాతం చూడండి. 70 అని ఉంటే 100 గింజల్లో కనీసం 70 మొలవాలి. గులాబీ రంగో, ఇంకో రంగో పూసిన విత్తనాలు ఉంటాయి. వాటికి మందు పట్టించి ఉంటారు. అవి విషం. వాటిని వండకండి. పిల్లలకు, కోళ్లకు అందనివ్వకండి. ఆ పొట్లాన్ని మళ్లీ వంటింట్లో వాడకండి.

నాటు విత్తనం అయితే ఇంట్లోనే దాచుకోవచ్చు. మొదట కాసిన మంచి ఆనపకాయను కోయకుండా తీగ మీదే ముదరనివ్వండి. ఊపితే లోపల గింజలు గలగలమనాలి. బెండ, చిక్కుడు కూడా చెట్టు మీదే ఎండాలి. గింజలు నీడన ఆరబెట్టండి. బూడిద కలిపి సీసాలో పోసి మూత బిగించండి. సీసా మీద పేరు, నెల రాయండి. హైబ్రిడ్ విత్తనం మాత్రం దాచకండి. మళ్లీ వేస్తే అదే కాపు రాదు.

ఎరువు, పురుగు

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016లో ప్రకృతి వ్యవసాయం కార్యక్రమం మొదలుపెట్టింది. ఊళ్లలో పొదుపు సంఘాల ఆడవాళ్లు ఈ పద్ధతులు నేర్చుకున్నారు. అందులో ముఖ్యమైనది జీవామృతం. పెరటికి కావలసినంత ఇలా చేసుకోవచ్చు.

పది లీటర్ల నీళ్లు తీసుకోండి. అందులో అర కిలో ఆవు పేడ, అర లీటరు ఆవు పంచితం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి వేసి కలపండి. నీడలో రెండు రోజులు ఉంచండి. ఉదయం, సాయంత్రం కర్రతో తిప్పండి. ఒక లీటరుకు పది లీటర్ల నీళ్లు కలిపి మొక్కల మొదట్లో పోయండి. కోయబోయే ఆకుల మీద పోయకండి. మిగిలినది ఇరుగుపొరుగుకు ఇవ్వండి. వారం లోపల వాడేయాలి.

చిక్కుడు మీద పేనుబంక పడుతుంది. పొద్దున్నే మంచు తడి మీద బూడిద చల్లండి. వంగలో కొమ్మ చివర వాడిపోయి వేలాడితే లోపల పురుగు ఉన్నట్టు. ఆ చివర తుంచి కాల్చేయండి. బెండ ఆకులు ఈనెల వెంట పసుపు పచ్చగా మారితే అది తెగులు. తెల్లదోమ దాన్ని పక్క మొక్కకు అంటిస్తుంది. ఆ మొక్కను పీకి పారేయండి.

వేపపళ్లు రాలే రోజుల్లో గింజలు ఏరి ఎండబెట్టుకోండి. లోపలి పప్పు 50 గ్రాములు దంచండి. లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. గుడ్డతో వడకట్టి, కొంచెం సబ్బు నీళ్లు కలిపి, సాయంత్రం చల్లండి. పొలానికి తెచ్చిన పురుగుమందు మిగిలిందని పెరట్లో కొట్టకండి. రేపు ఆ కూరే పిల్లల కంచంలో పడుతుంది.

తుఫాను వస్తే?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. విజయనగరం జిల్లాలోనూ చెట్లు కూలాయి, పంటలు పోయాయి. ఇలాంటప్పుడు సంతకు కూరలు రావు. వచ్చినా ధర మండిపోతుంది.

మునగ చెట్టు గాలికి ముందే విరుగుతుంది. విరిగితే దిగులు పడకండి. బొటనవేలు కంటే లావున్న కొమ్మను మూడు, నాలుగు అడుగుల ముక్కగా కోసి నాటండి. మళ్లీ చిగురిస్తుంది. సీసాలో దాచిన విత్తనం ఉంటే గాలివాన తగ్గగానే తోటకూర చల్లవచ్చు. నెల తిరిగేసరికి కూర చేతికొస్తుంది.

వండడంలో పోగొట్టుకోవద్దు

కష్టపడి పండించిన కూర బలం పొయ్యి దగ్గర పోతే ఏం లాభం?

ముందు కడగండి. తర్వాత తరగండి. తరిగి కడిగితే సారం నీళ్లతో పోతుంది. ముక్కలు మరీ చిన్నవి చేయకండి. మూత పెట్టి ఉడికించండి. ఉడికిన నీళ్లు పారబోయకండి. పప్పులో, చారులో పోయండి. ఇనుప మూకుడులో వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. పులుపు కూర మాత్రం అందులో నిలవ ఉంచకండి.

ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు తోడుండాలి. నిమ్మకాయ, ఉసిరికాయ, జామపండు ఇందుకు మంచివి. నిమ్మరసం కూర దించాక పిండాలి. పొయ్యి మీద పోస్తే దాని గుణం పోతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగకండి. టీ ఇనుమును పట్టనివ్వదు. గంట ఆగి తాగండి.

మునగాకు పప్పు ఇలా వండండి. గ్లాసు కందిపప్పు ఉడకబెట్టండి. ముప్పావు వంతు ఉడికాక కడిగిన మునగాకు రెండు దోసిళ్లు వేయండి. పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు వేసి మూత పెట్టండి. ఆకు మెత్తబడ్డాక నూనెలో ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెట్టండి. దించి నిమ్మకాయ పిండండి. నూనె కొంచెం ఉంటేనే ఆకులోని విటమిన్ ఎ ఒంటికి పడుతుంది. పెద్దవాళ్లు ఆషాఢంలో మునగాకు తినాలంటారు. ఆషాఢం దాకా ఆగనక్కరలేదు. ఎప్పుడైనా తినవచ్చు.

ఆనపకాయ బెల్లం పులుసు మన వైపు అందరికీ ఇష్టం. ముక్కలు ఉడికాక చింతపండు రసం, బెల్లం, పసుపు, ఉప్పు, కారం వేస్తారు. కొంచెం బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తారు. పులుసు చిక్కబడ్డాక పోపు పెడతారు. ఒక జాగ్రత్త ఉంది. ఆనపకాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేయండి. కాయంతా పారేయండి. చేదు ఆనపకాయ విషం. వాంతులు, విరోచనాలు అవుతాయి. ప్రాణం మీదకు కూడా రావచ్చు.

కంద, బచ్చలి కలిపి ఆవ పెట్టిన కూర పండగ కూర. కంద దురద పెడుతుంది. చింతపండు రసం వేసి ఉడికిస్తే దురద తగ్గుతుంది. నానబెట్టిన ఆవాలు, ఎండుమిర్చి కలిపి నూరి, కూర దించాక కలపాలి. పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుంది.

బాలింతకు పెట్టవచ్చా?

"బాలింతకు ఆకుకూర పెట్టకండే, బిడ్డకు పడదు" అని కొందరు పెద్దవాళ్లు అంటారు. వాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ కాన్పులో రక్తం పోతుంది. అప్పుడే ఆకుకూర ఎక్కువ కావాలి. శుభ్రంగా కడిగి, బాగా ఉడికించి పెడితే తల్లికీ మంచిదే, బిడ్డకూ మంచిదే.

ఒక మాట మరచిపోవద్దు. రక్తం బాగా తగ్గినవారికి కూర ఒక్కటే చాలదు. పరీక్ష చేయించుకోవాలి. గర్భం లేని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. గర్భిణికి 11 ఉండాలి. తగ్గితే ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు చెప్పాలి. వాళ్లిచ్చే ఇనుము మాత్రలు మానకుండా వేసుకోవాలి. మాత్రా కావాలి. కూరా కావాలి.

వంతులు ఎవరు వేయాలి?

పెరట్లో కూర పండినంత మాత్రాన అది అందరి కంచంలోకీ రాదు. అలవాటు మారాలి. గిన్నె దించగానే ఇంట్లో ఎందరుంటే అన్ని వంతులు వేయండి. మీ వంతు ముందే చిన్న గిన్నెలో తీసి మూత పెట్టండి. ఇది దొంగతనం కాదు. స్వార్థం కాదు. ఆమె మంచం పడితే ఇల్లంతా మంచం పడుతుంది. వీలైతే రాత్రిపూట అందరూ కలిసి కూర్చుని తినండి. అప్పుడు గిన్నెలో ఎంత ఉందో అందరికీ కనిపిస్తుంది.

ఆ పల్లెలో ఆ ఇల్లాలి సంగతికి వద్దాం. మృగశిరలో ఆమె కంప తీసింది. మగడు దడి కట్టాడు. పిల్లలు గెత్తం మోశారు. అత్త దగ్గర పాత ఆనప గింజలున్నాయి. అత్తే వాటిని పెట్టింది. ఒక మడిలో విత్తనం కోళ్లు గీకేశాయి. మళ్లీ చల్లి పైన తాటాకు కప్పారు. వంటింటి గోడ మీద ఆమె బొగ్గుతో తేదీలు రాసుకుంది. 'తోటకూర – జూన్ 20' అని రాసింది. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. అయినా చదవడానికి వస్తున్నాయి.

నెల తిరిగింది. పక్కింటామె మళ్లీ వచ్చింది.

"ఏటి కూరప్పా?"

"తోటకూర పులుసు. నీకూ ఒక కట్ట కోసి ఉంచినాను. పట్టుకెళ్లు."

ఆ రోజు కూడా ఆమె చివరనే తింది. కానీ గిన్నె మూత తీస్తే అందులో ఆమె వంతు కూర ఉంది.

చదివారు కదా, ఇవి చేయండి

1. మీ ఇంట్లో నిన్న వండిన కూర ఏది? ఎందరు తిన్నారు? చివర తిన్నది ఎవరు? రాయండి.

2. మీ పెరటి బొమ్మ గీయండి. ఏది ఎక్కడ వేస్తారో పేర్లు రాయండి.

3. ఒక విత్తనాల పొట్లం తెచ్చి గడువు తేదీ, మొలక శాతం చదవండి.

4. నెల రోజులు కూరల ఖర్చు రాయండి. పెరడు వేశాక మళ్లీ ఒక నెల రాయండి. రెండూ పోల్చి చూడండి.

5. మీ ఊళ్లో ఎవరి దగ్గర ఏ నాటు విత్తనం ఉందో అడిగి తెలుసుకోండి. ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోండి.